ఎదుగూ బొదుగూ లేని జుట్టు: పదహారు నెలల డైరీ

ముందే చెప్పేస్తున్నా, నేను మగాణ్ణి. 2020 లాక్‌డౌన్‌లో సెలూన్లు మూసేసినప్పుడు పెరిగిన జుట్టు, తెరిచాక కూడా తీయించబుద్ధి కాలేదు, అంతే. 2022 చివరికి భుజాల దాకా వచ్చింది, అక్కడ ఆగిపోయింది. తెనాలి వెళ్తే ఇంటి పక్కవాళ్ళు "తిరుపతి మొక్కా బాబూ?" అని అడుగుతారు. మొదట్లో కాదని వివరంగా చెప్పేవాణ్ణి, ఇప్పుడు అవునండీ అనేస్తున్నా, మాట త్వరగా తెగిపోతుంది. ఏడాదిన్నర గడిచినా భుజాలు దాటలేదు. పైగా కొసలు చూస్తే కొబ్బరి పీచు. అమ్మ అయితే "ఎదుగూ బొదుగూ లేదు, తీసేయరాదూ" అని ప్రతి ఫోన్‌లోనూ. సరే, ఎందుకు పెరగట్లేదో తేల్చుకుందామని నోట్‌బుక్ తీశాను.

2024 జూన్ 9, ఆదివారం

కొలత: 48 సెంటీమీటర్లు. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట టేపు పెట్టి, నడినెత్తి మీంచి వెనక్కి లాగి, చివరి దాకా. ఎక్కడ మొదలుపెట్టామో రాసుకోకపోతే ప్రతిసారీ ఒక లెక్క వస్తుంది, అందుకే రాస్తున్నా.

దువ్వెనలో వచ్చినవన్నీ తెల్ల కాగితం మీద పరిచాను. మొత్తం 74. మొదట్లో భయమేసింది గానీ ఒక్కొక్కటీ లైటు కింద పెట్టి చూస్తే కథ వేరే ఉంది. కుదురు నుంచి ఊడిన వెంట్రుకకి ఒక చివర తెల్లటి చిన్న బుడిపె ఉంటుంది. అలాంటివి 23. మిగతా 51కి బుడిపే లేదు, వేలెడు, రెండు వేళ్ళ పొడవు ముక్కలు, కొన్నిటికి చివర సుద్దముక్కతో పెట్టినట్టు తెల్ల చుక్క. అంటే ఇవి ఊడినవి కావు, విరిగినవి. మనిషికి రోజుకి యాభై నుంచి వంద దాకా ఊడటం మామూలే, దానికి టెన్షన్ అక్కర్లేదు. విరగడమే నా సమస్య.

తడి వెంట్రుక ఒకటి రెండు చేతులతో మెల్లగా లాగి చూశాను. రబ్బరు బ్యాండులా సాగింది, సాగింది, టప్‌మని తెగింది. బాగున్న తడి జుట్టు కూడా కాస్త సాగుతుంది కానీ వదిలేస్తే వెనక్కి వస్తుంది. నాది రాలేదు.

అక్కకి ఫోన్ చేశాను. నడుం దాటిన జడ ఉన్న మనిషి ఇంట్లో ఉండగా ఎవర్నో అడగడం ఎందుకు.

"వారానికి ఎన్నిసార్లు తలస్నానం చేస్తావురా?"

"రోజూ. ఎండాకాలం రెండుసార్లు. జిమ్ నుంచి వచ్చాక ఒకసారి, పడుకునే ముందు ఒకసారి."

"షాంపూతోనా!"

"మరి స్నానం అంటే?"

ఆవిడ ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత నవ్వింది. అప్పుడు వెలిగింది నాకు. మా ఇంట్లో ఆడవాళ్ళకి ఒంటి మీద పోసుకోవడం వేరు, తల మీద పోసుకోవడం వేరు. రెండోది వారానికి ఒకటో రెండో సార్లు, దానికి నూనె, టైము, ఎండ, అన్నీ చూసుకుంటారు. నాన్నకీ నాకూ స్నానం అంటే ఒకటే, చెంబు నెత్తిన బోర్లించడం. అర అంగుళం క్రాపుకి అది చెల్లింది. జుట్టు పెంచాను గానీ స్నానం మాత్రం క్రాపు వాడిలాగే చేస్తున్నా. ముప్పై ఏళ్ళొచ్చాయి, ఈ తేడా నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ కనిపించలేదు.

లెక్క వేశాను. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు, కాస్త అటూ ఇటూ పెరుగుతుంది. అంటే 48 సెంటీమీటర్ల వెంట్రుక కొసన ఉన్న ముక్క పుట్టి మూడేళ్ళు దాటింది. రోజుకొకటి అనుకున్నా దాని మీంచి వెయ్యి షాంపూలు పైనే పోయాయి. వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది. నీళ్ళు తగిలితే వెంట్రుక ఉబ్బుతుంది, ఆ పొలుసులు లేస్తాయి, ఆరితే మళ్ళీ సర్దుకుంటాయి. షాంపూలో నురగకోసం వేసే సల్ఫేట్లు మురికితో పాటు నూనెనీ ఎత్తుకుపోతాయి. ఇదే రోజూ జరిగితే పొలుసులు రాలిపోతాయి, లోపలి పీచు బయటపడుతుంది, చిట్లుతుంది. వెంట్రుకలో ప్రాణం ఉన్నది కుదురులోనే, బయటికొచ్చింది చచ్చిన పదార్థం, గోరులాగా. చిట్లినదాన్ని అతికించే సీసా ఏదీ లేదు. కండిషనర్ పైన పూతలా ఉండి ఒరిపిడి తగ్గిస్తుంది, అంతవరకే.

జూన్ 16

కట్ చేయించాను. నాలుగు సెంటీమీటర్లు అన్నాను, ఆయన ఆరు తీశాడు. అద్దంలో చూసి గొడవ పడబోయాను గానీ కింద పడిన ముక్కలు చేతిలోకి తీసుకుంటే పాత చీపురు పుల్లల్లా ఉన్నాయి. పోనీ. ఇప్పుడు 42. లెక్క ఇక్కడి నుంచే.

ఇంకో చిన్న ప్రయోగం. నా ఎడమ కణత దగ్గర అయిదారు తెల్ల వెంట్రుకలున్నాయి, బాలనెరుపు. వాటికి మాత్రం గోరింటాకు పొడి కలిపి కుదురు దాకా పట్టించాను, నారింజ రంగు పట్టింది. ఇక పెరిగినదంతా కుదురు దగ్గర తెల్లగా కనబడాలి. జుట్టు అసలు పెరుగుతోందా లేదా అన్న గొడవ దీంతో తేలిపోతుంది.

జూలై 7

రోజూ నుంచి రోజు విడిచి రోజుకి, అక్కణ్ణుంచి వారానికి రెండుకి దిగాను. ఒక్కసారిగా మానేద్దామనుకున్నా గానీ, హెల్మెట్ పెట్టుకుని హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా బైకు మీద వెళ్ళేవాడికి అది జరిగే పని కాదు. రెండో రోజుకే నెత్తి మీద నూనె, వాసన, దురద. ఆఫీసులో ఎవరైనా దగ్గరికొస్తే నేనే వెనక్కి జరుగుతున్నా.

పనికొచ్చినవి: హెల్మెట్ కింద పలచని కాటన్ గుడ్డ, రోజూ ఉతికేది. చెమట దానికి పడుతుంది. జిమ్‌లో జుట్టు పైకి వదులుగా ముడి. స్నానానికి ప్లాస్టిక్ క్యాపు, హోటళ్ళలో ఊరికే ఇస్తారే అది. షవర్ వాడటం మానేసి బకెట్టు, మగ్గు. షవర్ కింద నిలబడితే చెయ్యి తనంతట తానే షాంపూ సీసా మీదికి పోతోంది.

షాంపూ మాడుకే. కొంచెం తీసుకుని మగ్గులో నీళ్ళతో కలిపి కుదుళ్ళలో వేళ్ళతో రుద్దడం, కొసలకి జారే నురగ చాలు. ఇన్నాళ్ళూ జుట్టంతా నెత్తి మీదికి పోగేసి బట్టలు ఉతికినట్టు రుద్దేవాణ్ణి.

కొన్నాళ్ళు ఆపితే మాడు అలవాటు పడి నూనె తగ్గించేస్తుందని జిమ్‌లో ఒకతను చెప్పాడు. నాకూ నాలుగో వారం నుంచి తగ్గినట్టే అనిపించింది. కానీ మాడులో నూనె వదిలే గ్రంథులు హార్మోన్ల మాట వింటాయి, నా షాంపూ టైంటేబుల్ వాటికి తెలీదు. జిడ్డుకి అలవాటు పడింది బహుశా నేనే.

ఆగస్ట్ 18

నీళ్ళ సంగతి. మా అపార్ట్‌మెంట్‌లో వాడకానికి బోరు నీళ్ళు, మంజీరా నది నుంచి వచ్చే నీళ్ళు వంటింటి కుళాయికే. బోరు నీళ్ళకి మగ్గు అంచున తెల్లటి గార కడుతుంది, గీజర్ కాయిల్ విప్పితే సున్నం పెచ్చులు. ఆ కాల్షియం, మెగ్నీషియమే జుట్టు మీదా పేరుకుంటుంది. తెనాలిలో వారం ఉండి వస్తే జుట్టు మెత్తగా ఎందుకుంటుందో ఇన్నాళ్ళకి అర్థమైంది, అమ్మ చేతి నూనె మహిమ అనుకునేవాణ్ణి. ఫిల్టర్ కొనే ఉద్దేశం లేదు. చివరి రెండు మగ్గులు మాత్రం వంటింటి నీళ్ళు. తేడా ఉంది, వేళ్ళు దూరుతున్నాయి.

ఆరబెట్టడానికి టర్కీ టవల్ మానేసి నాన్న పాత పంచె. చుట్టి, అదిమి, వదిలేయడమే. తడి మీద దువ్వెన పెట్టను. సగం ఆరాక పెద్ద పళ్ళ దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి. ఇది అక్క వీడియో కాల్‌లో తిట్టి మరీ నేర్పింది. నేను నెత్తి మీంచి కిందికి బర్రున లాగేవాణ్ణి, చిక్కులన్నీ కిందికి జారి ఒకచోట ముడిపడి, అక్కడ పటపట తెగేవి. ఆ శబ్దం నాకు మామూలుగా ఉండేది! దువ్వుకుంటే శబ్దం రాకూడదని కూడా తెలీదు.

సెప్టెంబర్ 15

45.5. కణత దగ్గర నారింజ వెంట్రుకల్లో తెల్ల భాగం 3.4 సెంటీమీటర్లు, మూడు నెలలకి. కాబట్టి కుదురు తన పని తాను చేస్తూనే ఉంది. పోయిన ఏడాది కూడా చేసే ఉంటుంది, పదమూడు పద్నాలుగు సెంటీమీటర్లు పైన పెరిగితే అంతా కింద విరిగిపోయింది. పెరిగే మందులు, బయోటిన్ బిళ్ళలు అని నేను తగలేసిన డబ్బులు గుర్తొచ్చి కాసేపు బాధపడ్డాను.

అక్టోబర్ 31, దీపావళి

ఇది కాస్త పెద్దగా రాయాలి, హైదరాబాద్ తిరిగొచ్చాక రాస్తున్నా.

సెలవుకి వారం ముందే హైదరాబాద్‌లో నేనే ప్రయోగం చేశాను. షాంపూ మానేసి కుంకుడుకాయలు. కెమికల్స్ లేవు, ఇంక భయమేముంది అనుకున్నా. పది కాయలు రోకలితో కొట్టి, గింజలు తీసి, వేడినీళ్ళలో నానేసి పిసికితే నురగ బ్రహ్మాండంగా వచ్చింది. వడకట్టడం మర్చిపోయాను. తొక్క ముక్కలు జుట్టంతా, కళ్ళు మంట, బాత్రూమ్‌లో తువ్వాలు దొరక్క తడుముకోవడం, చిన్నప్పటి దీపావళి పొద్దు మొత్తం గుర్తొచ్చింది. ఆరాక చూస్తే జుట్టు జూన్‌లో కంటే ఘోరం. చేత్తో పట్టుకుంటే గరగర.

తెనాలిలో అమ్మమ్మకి చెప్పాను. ఆవిడ వయసు ఎనభై రెండు, ఇప్పటికీ చిన్న సిగ ముడుస్తుంది.

"నూనె పెట్టుకున్నావా?"

"లేదు అమ్మమ్మా, అసలే జిడ్డు అని..."

"నూనె పెట్టకుండా కుంకుళ్ళు పోసుకోమని ఏ వెధవ చెప్పాడురా నీకు? మందారాకు వేశావా?"

అదీ వేయలేదు. కుంకుడుకాయ కూడా సబ్బే, చెట్టుకి కాసిన సబ్బు. దాంట్లో సాపోనిన్లు ఉంటాయి, అవి నూనెని ఎత్తుకుపోవడంలో ఏ షాంపూకీ తీసిపోవు. దానికి తోడు కండిషనర్ లాంటిది ఏదీ అందులో ఉండదు. మా వాళ్ళ పద్ధతి మూడు ముక్కలు, నేను మధ్య ముక్క ఒక్కటే ఎత్తుకొచ్చాను. ముందు నూనె, తర్వాత కుంకుడు, దాంట్లోనే పిసికిన మందారాకు జిగురు. కొందరిళ్ళల్లో గంజి కలుపుతారు. నూనె ఉంటే కుంకుడు ముందు ఆ నూనెని తింటుంది, జుట్టు జోలికి తక్కువ వెళ్తుంది. జిగురు పట్టుకుంటే చిక్కు పడదు.

నరక చతుర్దశి పొద్దున్నే నాలుగున్నరకి లేపి, పీట మీద కూర్చోబెట్టి, అమ్మ నువ్వుల నూనె పెట్టింది, అమ్మమ్మ కుర్చీలో కూర్చుని డైరెక్షన్. కళ్ళు మూసుకో, తల వంచు, గోళ్ళతో గీక్కోకు. తర్వాత సాంబ్రాణి పొగ, ఇత్తడి ధూపపాత్రలో నిప్పులు, పైన వెదురు బుట్ట బోర్లించి దాని మీద జుట్టు పరిచి. మా నాన్న కాఫీ తాగుతూ ఇదంతా చూసి "పెళ్ళికూతురు రెడీయా?" అన్నాడు. అననీ. ఆ రోజు జుట్టు జారుతోంది, రబ్బరు బ్యాండు నిలవలేదు.

హైదరాబాద్ వచ్చాక నూనె గురించి చదివాను. 2003లో రేలే, మోహిలే అనే ఇద్దరు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ జుట్టుకి పట్టించి పోల్చారు. ఉతకడంలో జుట్టు నుంచి పోయే ప్రొటీన్ తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. దాంట్లోని లారిక్ ఆమ్లం చిన్నగా, సన్నగా ఉండి వెంట్రుక లోపలికి దూరగలదట. ఆ ఇద్దరూ పని చేసింది మారికోలో, అంటే పారాచూట్ నూనె అమ్మే కంపెనీలో, ఆ సంగతి మనసులో పెట్టుకునే చదివాను. అయినా నా తలే నాకు లాబ్ కదా, తలస్నానానికి రెండు గంటల ముందు మెడ కింది జుట్టుకి రెండు చెంచాలు అని పెట్టుకున్నా. కుంకుళ్ళు ఆదివారం, వారం మధ్యలో ఒకసారి మామూలు షాంపూ.

డిసెంబర్ 22

49. కానీ మధ్యలో మాడు మండిపోయింది.

తప్పు నాదే. దీపావళి జోరులో మరీ అవతలి ఒడ్డుకి పోయాను. నూనె పెట్టి రెండేసి రోజులు వదిలేయడం, మాడుకి కూడా దట్టంగా, తలస్నానం పది రోజులకోసారి. నల్ల టీషర్టు వేసుకోలేని పరిస్థితి. అది పొడిబారిన మాడు అనుకుని ఇంకా నూనె పెట్టాను! స్కిన్ డాక్టర్ చూసి, చుండ్రు అని, మాడు మీద ఉండే మలసేజియా అనే ఫంగస్‌కి నూనె తిండి అని, నేను దాన్ని మేపుతున్నానని చెప్పింది. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ, వారానికి రెండుసార్లు, అయిదు నిమిషాలు ఉంచి కడగడం, నాలుగు వారాలు. మూడో వారానికి తగ్గింది. ఆ షాంపూ జుట్టుని ఎండగొడుతుంది, అందుకని ముందు కొసలకి కొబ్బరినూనె, తర్వాత కొసలకి కండిషనర్, మాడుకి మందు, మూడూ వేటి చోట అవి.

ఇక నుంచి మాడుకి నూనె బంద్. అమ్మకి ఈ మాట ఇంకా చెప్పలేదు.

2025 ఫిబ్రవరి 16

తిరుమల వెళ్ళొచ్చాం. నాన్న ఆశ అంతా కళ్యాణకట్ట మీదే, "ఎలాగూ వచ్చాం కదా" అని మెట్టు మెట్టుకీ. అమ్మ మధ్యేమార్గం చెప్పింది, ఆడవాళ్ళు ఇచ్చినట్టు మూడు కత్తెరలు ఇవ్వమని. కత్తెర పట్టిన ఆయన నన్ను పైకీ కిందికీ చూసి, నవ్వాపుకుని, గోవిందా అంటూ మూడు చోట్ల కత్తిరించాడు. ఒక పాయ కాస్త ఎక్కువే పోయింది. కిందికొచ్చాక మిగతాది దానికి సరిపెట్టించాను. 51.5 ఉన్నది 50 అయింది.

జూన్ 8

మార్చిలో వారం రోజులు గట్టి జ్వరం. మే చివర్లో మొదలైంది, చేత్తో నిమిరితే పది వెంట్రుకలు. ఏడాది కష్టం పోయిందనుకున్నా. కాగితం పరిచి మళ్ళీ లెక్కపెట్టాను: 131, వాటిలో 118కి తెల్ల బుడిపె ఉంది. ఈసారి విరగడం కాదు, ఊడటం. పెద్ద జ్వరం వచ్చాక రెండు మూడు నెలలకి ఇలా ఒక విడత ఊడుతుందని, కుదుళ్ళు చావవని, మళ్ళీ వస్తాయని అదే డాక్టర్ చెప్పి, రక్తపరీక్ష రాసింది. ఐరన్, థైరాయిడ్ బాగున్నాయి, విటమిన్ డి తక్కువ, దానికి మందు. డైరీ లేకపోతే భయపడి మళ్ళీ ఏవో సీసాలు కొనేవాణ్ణి.

విరిగినవి 13. పోయిన జూన్‌లో 51. ఆ ఒక్క అంకె చూసుకుని ఊరట.

54.5 ఉంటే రెండు తీయించాను.

అక్టోబర్ 12, ఆదివారం

57. పదహారు నెలల్లో 42 నుంచి 57, మధ్యలో తీయించిన 3.5 కలిపితే మొత్తం 18.5 పెరిగింది. పోనీటెయిల్ మందం, కట్టిన చోట దారం చుట్టి కొలిస్తే, జ్వరానికి ముందు 7 సెంటీమీటర్లు, జ్వరం తర్వాత ఆరున్నరకి పడింది, ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. కణతల దగ్గర పిల్ల వెంట్రుకలు నిలబడి ఉన్నాయి, ఫోటోల్లో దరిద్రంగా కనిపిస్తాయి, ఏం రాసినా పడుకోవు.

చేత్తో తడిమితే ఎక్కడ పాత జుట్టు మొదలవుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. పై 18.5 సెంటీమీటర్లు జారుతుంది, తర్వాత వేలికి చిన్న గరుకు తగులుతుంది. కింద 38.5 సెంటీమీటర్లు ఇంకా ఆ రోజూ షాంపూల కాలం నాటిదే. దాన్ని ఒకేసారి తీసే ధైర్యం లేదు, నాలుగు నెలలకి రెండేసి చొప్పున వెళ్తే ఆరేళ్ళ పైనే పడుతుంది. డిసెంబర్ నుంచి మూడేసి తీయిద్దామా అని ఆలోచన. అక్క మాత్రం అయిదు తీయించుకోమంటోంది, తనది కాదుగా.

దీపావళి ఇరవయ్యో తారీఖు, పద్దెనిమిదికి టికెట్ దొరికింది. పోయిన వారం అక్క వాళ్ళు ఇక్కడికి వచ్చినప్పుడు మేనకోడలు "మామయ్యా, జడ వేస్తా" అని వెనక కూర్చుని మూడు పాయలు మొదలుపెట్టి, మధ్యలో నాలుగోది ఎక్కడి నుంచో కలిపి, రబ్బరు బ్యాండు రెండుసార్లు చుట్టేసి వెళ్ళిపోయింది. విప్పడానికి అక్కకీ నాకూ కలిసి ముప్పావుగంట, కొసల నుంచి పైకి, కొబ్బరినూనె వేసుకుంటూ. తెగినవి నాలుగే.